అంగడి గడప వద్ద శునకము: ముస్లిం నగరాల చరిత్రలో ఒక పరిశీలన

పెంపుడు కుక్కను, ముఖ్యంగా చంకలో ఇమిడిపోయే చిన్న జాతి కుక్కను, దుకాణంలోనికి తీసుకొని పోవచ్చునా అనే ప్రశ్న చూచుటకు స్వల్పమైనది. కాని ఈ ప్రశ్న తలెత్తిన ప్రతిచోటా దాని వెంట పెద్ద ప్రశ్నలే వచ్చినవి. శుచి ఏది, అశుచి ఏది? తన ఇష్టమైన ప్రాణిని వెంట ఉంచుకొనే హక్కు ఒకరిదైతే, దాని స్పర్శను తప్పించుకొనే హక్కు మరొకరిది కాదా? నోరులేని జీవిపట్ల దయ ఎక్కడ మొదలై ఎక్కడ ముగియవలెను? ఇస్లాం కుక్కను పూర్తిగా వెలివేసినదని కొందరు, ఇటువంటి విధినిషేధాలన్నీ పామరుల ఆచారాలే తప్ప శాస్త్రం కావని మరికొందరు తీర్మానించుట నేటికీ కానవచ్చును. చరిత్రను నిదానంగా చూచినచో ఈ రెండు తీర్మానాలూ నిలువవు. పద్నాలుగు శతాబ్దాలుగా ముస్లిం నగరాల బజారులలో కుక్క ఉన్నది. దానిని గూర్చి ధర్మశాస్త్రవేత్తలు వాదించుకొన్నారు, బజారు అధికారులు నిబంధనలు చేశారు, సామాన్యులు దానికి అన్నం పెట్టారు. ఆ మూడు ధోరణులను వేరువేరుగా గుర్తించుట ఈ వ్యాసపు ఉద్దేశం.

మూలాధారాలలో శునకము

దివ్యఖుర్ఆన్‌లో కుక్క ప్రస్తావన మూడు సందర్భాలలో వచ్చును. ఐదవ సూరాలో, శిక్షణ పొందిన వేటజంతువులు పట్టి తెచ్చిన ఆహారం ధర్మసమ్మతమని చెప్పబడినది. అచ్చట శిక్షకులను పేర్కొనుటకు వాడిన అరబీ పదమే కుక్క అనే పదం నుండి పుట్టినది. ఏడవ సూరాలో, దైవసూచనలను తెలిసికూడా విడిచిన మనిషికి ఉపమానంగా నాలుక చాచి రొప్పే కుక్క చెప్పబడినది. పద్దెనిమిదవ సూరాలోని గుహవాసుల వృత్తాంతంలో, విశ్వాసులైన యువకులు లోపల నిద్రించుచుండగా వారి కుక్క ముంగాళ్ళు చాచి గుహ గడప వద్ద పరుండియున్నది. వారి సంఖ్యను లెక్కించిన వారు కుక్కను కూడా లెక్కలో చేర్చిరి. తరువాతి కాలపు వ్యాఖ్యాతలు దానికి ఖిత్మీర్ అని పేరు పెట్టిరి. లోపల కాదు, పూర్తిగా బయటా కాదు, గడప వద్ద. ఈ స్థానం తరువాతి చరిత్రలో పదేపదే కనబడును.

హదీసులలో పరిస్థితి మరింత విస్తృతం. కుక్క నాకిన పాత్రను ఏడు మార్లు కడుగవలెనని హజ్రత్ అబూహురైరా (రజి) ఉల్లేఖనం ఉన్నది. అందులో ఒకమారు మట్టితో కడుగవలెనని ముస్లిం సంకలనంలో చేర్చబడినది. కుక్కగాని చిత్రపటంగాని ఉన్న ఇంట దైవదూతలు ప్రవేశించరను ఉల్లేఖనం కలదు. వేటకు, మందకు, పైరుకు కాపలాగా తప్ప కుక్కను పెంచువాని పుణ్యం ప్రతిదినం కొంత తరుగునని కూడా ఉన్నది. మదీనాలో ఒక దశలో కుక్కలను చంపుటకు ఆదేశం వెలువడినదని, పిమ్మట అది ఉపసంహరింపబడి వేటకుక్కలకు, మందకుక్కలకు అనుమతి లభించినదని సంకలనకర్తలు నమోదు చేసిరి.

వీటి ప్రక్కనే మరో కోవకు చెందిన ఉల్లేఖనాలున్నవి. దప్పికతో తడిమట్టిని నాకుచున్న కుక్కను చూచి బావిలోనికి దిగి తన చెప్పుతో నీరు తెచ్చి త్రాగించిన మనిషిని దైవం క్షమించినాడని మహాప్రవక్త ముహమ్మద్ (స) చెప్పిరి. జంతువుల విషయంలో కూడా మాకు పుణ్యం లభించునా అని సహచరులు అడుగగా, ప్రాణమున్న ప్రతిదాని విషయంలోను లభించునని సమాధానమిచ్చిరి. బుఖారీ సంకలనంలో శుద్ధి ప్రకరణంలోనే, ప్రవక్త కాలంలో కుక్కలు మస్జిదులో వచ్చుచు పోవుచుండెననీ, అందుకై అచ్చట నీరు చల్లెడివారు కారనీ హజ్రత్ అబ్దుల్లా ఇబ్నె ఉమర్ (రజి) చెప్పిన మాట కలదు. ఏడు మార్లు కడుగుమన్న విధీ, మస్జిదులో కుక్కలు తిరిగినను నీరు చల్లలేదన్న సాక్ష్యమూ ఒకే ప్రకరణంలో ఉండుట గమనింపదగినది. ఈ రెంటినీ సమన్వయపరచే ప్రయత్నం నుండే మజ్‌హబ్‌ల మధ్య భేదాలు పుట్టినవి.

మజ్‌హబ్‌ల వాదములు

ఈ భేదాలను మూడు ప్రశ్నలుగా విడదీసిన గాని విషయం తేటపడదు. కుక్క శరీరం శుచియా, అశుచియా అనునది మొదటిది. దానిని పెంచవచ్చునా అనునది రెండవది. అది ఏయే చోట్లకు రావచ్చును అనునది మూడవది. సామాన్య జనం ఈ మూడింటిని ఒకటిగా కలిపివేయుదురు. శాస్త్రవేత్తలు అట్లు చేయలేదు.

మొదటి ప్రశ్నకు ఇమాం షాఫయీ (మరణం క్రీ.శ. 820) అనుయాయులు, హంబలీలలో అధికసంఖ్యాకులు కుక్క సర్వాంగములూ అశుచియే అని సమాధానమిచ్చిరి. షియాలలో జాఫరీ మజ్‌హబ్‌ది కూడా ఇదే మార్గం. హనఫీలు లాలాజలం మాత్రమే అశుచి యనీ, దేహమూ వెంట్రుకలూ స్వతహాగా అశుచి కావనీ భావించిరి. ఇమాం మాలిక్ (మరణం క్రీ.శ. 795) మార్గం మరీ భిన్నమైనది. ప్రాణమున్న ప్రతి జంతువూ శుచియే, పాత్రను కడుగుమనుట దైవాజ్ఞ కనుక పాటించవలసినదే గాని అది అశుచికి నిదర్శనం కాదు అని ఆ మజ్‌హబ్ వాదించినది. వేటకుక్క నోట కరచి తెచ్చిన మాంసం తినదగినదైనప్పుడు దాని లాలాజలం అసహ్యకరమెట్లగును అన్న తర్కం మాలికీల ప్రామాణిక గ్రంథమైన 'అల్ ముదవ్వనా'లో కానవచ్చును.

రెండవ ప్రశ్న విషయంలో వేట, మంద, పైరు అనే మూడు ప్రయోజనాలు అందరికీ సమ్మతమే. ఇంటి కాపలాకు పెంచవచ్చునా అన్న చర్చలో, షాఫయీలలో ప్రముఖుడైన ఇమాం నవవీ (మరణం క్రీ.శ. 1277) ఆ మూడింటితో పోల్చి అనుమతియే సరియైనదని నిర్ణయించెను. షాఫయీలు కుక్క అమ్మకమును అంగీకరించరు. ఉపయోగకరమైన కుక్కల క్రయవిక్రయాలను హనఫీలు అంగీకరించిరి. కేవలం ముద్దుకొరకు పెంచే కుక్కకు మాత్రం ఈ జాబితాలలో తావు దొరకలేదు. దయ చూపవలసిన ప్రాణిగా దానికి స్థానమున్నది గాని, ఇంట పెంచుటకు తగిన కారణంగా ముద్దు అంగీకరింపబడలేదు.

మూడవ ప్రశ్ననే అంగడికి అన్వయింపవలసి ఉన్నది. ఇచ్చట హనఫీ గ్రంథాలలోని ఒక చర్చ ఆసక్తికరం. పదిహేడవ శతాబ్దంలో దమస్కస్‌కు చెందిన హస్కఫీ రచించిన 'దుర్రుల్ ముఖ్తార్' భారతదేశపు మదర్సాలలో కూడా సుప్రసిద్ధం. తడిసిన కుక్క విదిలించుకొన్నప్పుడు బట్టలపై పడిన తుంపరలవలన గాని, బట్టను పంటితో పట్టుకొనుట వలన గాని, లాలాజలం కనబడనంతవరకు ఆ బట్ట చెడదని అందులో ఉన్నది. కుక్కను మోసుకొనియున్న మనిషి నమాజు కూడా చెల్లుననియు, దాని మూతి కట్టియుండవలెనని పదకొండవ శతాబ్దపు బుఖారా పండితుడు హల్వానీ షరతు పెట్టెననియు చెప్పబడినది. బట్టల దుకాణదారుడు హనఫీ అయినచో, లోనికి వచ్చిన చిన్న కుక్క అతని సరకును అశుచి చేయునన్న భయం శాస్త్రరీత్యా బహు స్వల్పం.

అదే దుకాణంలో షాఫయీ కొనుగోలుదారు నిలబడియున్నచో పరిస్థితి మారును. పొడిగా ఉన్న కుక్క పొడిబట్టకు తగిలినంతమాత్రాన అతనికీ దోషం లేదు, పొడి పొడిని అంటదన్న సూత్రం అందరిదీ. కాని కుక్క తడిసి ఉన్నను, నాలుక తగిలినను, అతడు ఆ చోటును ఏడు మార్లు, అందొకమారు మట్టితో, కడుగుకొన్న గాని నమాజు చేయలేడు. ఒకరికి పట్టింపులేని సంగతి మరొకరికి నిజమైన భారం. హైదరాబాదు వంటి నగరంలో ఇది ఊహ కాదు. తెలుగు ముస్లిములలో అత్యధికులు హనఫీలు. కాగా అదే నగరంలోని బార్కస్ ప్రాంతంలో, నిజాం సైన్యంలో చేరుటకు హద్రమౌత్ నుండి వచ్చిన అరబ్బుల సంతతివారిలో షాఫయీ ఆచారం నిలిచియున్నది. ఒకే బజారులో, ఒకే ధర్మానికి చెందిన ఇద్దరు కొనుగోలుదారులకు ఒకే కుక్క రెండు విధాలుగా కనబడవచ్చును.

బజారు అధికారి చూపు

మధ్యయుగపు ముస్లిం నగరాలలో బజారును పర్యవేక్షించుటకు ముహ్తసిబ్ అనే అధికారి ఉండెడివాడు. తూనికలు, కొలతలు, కల్తీ, దారుల శుభ్రత ఇవన్నీ అతని పరిధిలోనివి. అతనికి మార్గదర్శకంగా వ్రాయబడిన గ్రంథాలను హిస్బా గ్రంథాలందురు. సుల్తాన్ సలాహుద్దీన్ కాలంవాడైన షైజరీ వ్రాసినది వాటిలో బహుళ ప్రచారం పొందినది.

కసాయి అంగళ్ళను గురించిన ప్రకరణంలో షైజరీ ఒక నిబంధన చేర్చెను. దినపు అమ్మకం ముగిసి వెళ్ళునప్పుడు, మాంసం కొట్టే మొద్దుపై కసాయి నూరిన ఉప్పు చల్లవలెను. రాత్రివేళ కుక్కలు దానిని నాకకుండుటకు, పురుగులు ప్రాకకుండుటకు అది ఉపాయం. ఇందులో కుక్కను చంపుమన్న మాట లేదు, బజారునుండి తరిమివేయుమన్న మాట కూడా లేదు. రాత్రి అంగళ్ళు మూసిన పిమ్మట కుక్కలు వచ్చుననుట అందరికీ తెలిసిన సంగతిగా గ్రంథకర్త స్వీకరించినాడు. ఆజ్ఞ కసాయివానికే. సరకును, పనిముట్టును కాపాడుకొనవలసిన బాధ్యత అమ్మేవానిది.

ధర్మశాస్త్రం వీధుల విషయంలోను ఇటువంటి వాస్తవిక దృష్టినే చూపినది. కుక్కలు, పశువులు తిరిగే వీధులలోని బురద బట్టలపై చింది పడినచో దానిని క్షమార్హంగా పరిగణించిరి. తప్పించుకొన వీలులేని వ్యాపకమైన ఇబ్బంది ఉన్నచోట విధి సడలునను సూత్రం దీనికి ఆధారం. ఇంటింటా తిరుగు ప్రాణి అను కారణం చేతనే పిల్లి ఎంగిలి అశుచి కాదని ప్రవక్త (స) చెప్పిరి. ఇస్తాంబుల్, కైరో నగరాలలో పిల్లి నేటికీ దుకాణపు బల్లపై నిశ్చింతగా నిద్రించుచుండగా, కుక్క అరుగు క్రింద ఉండుటకు మూలం ఈ భేదమే.

సాహిత్యంలో కుక్కకు దక్కిన స్థానం ఇంతకంటె విశాలం. బస్రాకు చెందిన అల్ జాహిజ్ (మరణం క్రీ.శ. 868) తన 'కితాబుల్ హయవాన్'లో కుక్క పక్షమున ఒకరు, కోడిపుంజు పక్షమున ఒకరు వాదించుకొన్నట్లు సుదీర్ఘ చర్చ కల్పించెను. అందులోనే పొట్టిజాతి కుక్కల ప్రసక్తి ఉన్నది. తలపై దీపముంచినచో గంటలతరబడి కదలక నిలుచునట్లు వాటికి శిక్షణ ఇచ్చెడివారట. వేటకు, కాపలాకు పనికిరాని చిన్న కుక్కను వినోదార్థం పెంచుట ఆధునిక నాగరికత తెచ్చిన వింత కాదనుటకు ఇది నిదర్శనం. బాగ్దాదు పండితుడు ఇబ్నుల్ మర్జుబాన్ (మరణం క్రీ.శ. 921) బట్టలు కట్టిన అనేకులకంటె కుక్కలే మేలనే అర్థం వచ్చు శీర్షికతో ఒక చిన్న గ్రంథమే రచించెను. స్నేహితుల ద్రోహాన్ని, కుక్కల విశ్వాసాన్ని పోల్చి చెప్పిన వృత్తాంతాల సంకలనమది. వాటిని వ్రాసినవారు, చదివినవారు నమాజు చేసే ముస్లిములే.

పాలకుల ఆగ్రహం కూడా లేకపోలేదు. ఫాతిమీ ఖలీఫా అల్ హాకిం (పాలన క్రీ.శ. 996–1021) కైరోలో కుక్కలను చంపించినట్లు చరిత్రకారులు నమోదు చేసిరి. అయితే ఆయన ఆజ్ఞలలో అనేకం విపరీతమైనవిగా పేరుపొందినవే గాని ఆదర్శంగా స్వీకరింపబడలేదు.

ఇస్తాంబుల్ వీధులు

ఉస్మానియా రాజధాని ఇస్తాంబుల్‌లో కుక్కకు, నగరానికి మధ్య ఏర్పడిన ఒప్పందం వలె కనబడు స్థితిని విదేశీయులందరూ గమనించిరి. క్రీ.శ. 1554 నుండి 1562 వరకు హాబ్స్‌బర్గ్ రాయబారిగా అచ్చట ఉన్న బుస్బెక్ తన లేఖలలో వ్రాసిన ప్రకారం, తురుష్కులు కుక్కను అశుచిగా భావించి ఇంట్లోనికి రానీయరు. కుక్కలు యజమాని లేక వీధులలోనే జీవించును. ఐనను ఏ పేటలోనైనా పిల్లలను పెట్టిన కుక్క ఉన్నచో జనులు దానికి ఎముకలు, తినుబండారాలు తీసుకొనిపోయి పెట్టుటను పుణ్యకార్యంగా తలచెడివారు. రాయబారికి ఇది పరస్పర విరుద్ధంగా తోచినది. ధర్మశాస్త్ర దృష్టితో చూచినచో విరోధమేమీ లేదు. శుద్ధి నియమం ఇంటికి, పాత్రకు, బట్టకు సంబంధించినది. దయ ప్రాణికి సంబంధించినది. ఒకటి మరొకదానిని రద్దు చేయదు.

ప్రతి మహల్లాకు తన కుక్కలుండెడివి. అవి పొరుగు పేటవాటిని రానిచ్చెడివి కావు, రాత్రి అపరిచితులను చూచి మొరిగెడివి, అంగళ్ళ ముందు పారవేసిన వ్యర్థాలను తినివేసి వీధిని కొంత శుభ్రపరచెడివి. క్రీ.శ. 1867లో ఆ నగరాన్ని సందర్శించిన అమెరికన్ రచయిత మార్క్ ట్వెయిన్ కూడా ఈ కుక్కలను గూర్చి వర్ణించెను. దుకాణదారునికి కుక్క అతిథి కాదు, శత్రువూ కాదు, గడప వద్ద ఉండు పొరుగువాడు.

పందొమ్మిదవ శతాబ్దంలో ఈ స్థితి మారనారంభించెను. మార్పుకు ప్రేరణ ధర్మశాస్త్రం నుండి రాలేదనుట ముఖ్యం. ఐరోపా నగరాలవలె తమ రాజధాని కూడా ఉండవలెనన్న పాలకుల కోరిక, కొత్త పురపాలక వ్యవస్థ, పిచ్చికుక్క కాటు భయం దీనికి కారణాలు. ఆ భయం నిరాధారమైనదీ కాదు. పారిస్‌లో పాశ్చర్ టీకా విజయవంతమైన వెంటనే సుల్తాన్ అబ్దుల్ హమీద్ ప్రభుత్వం 1886లో వైద్యులను అచ్చటికి పంపగా, 1887లో ఇస్తాంబుల్‌లో ఆ చికిత్సాలయం ఏర్పడినది. అంతకు పూర్వం మహమూద్ 2, అబ్దుల్ అజీజ్ సుల్తానుల కాలాలలో కుక్కలను ద్వీపాలకు తరలించే ప్రయత్నాలు జరిగి, జనుల వ్యతిరేకతవలన నిలిచిపోయినవి.

1910లో ఐక్యతా ప్రగతి సమితి ప్రాబల్యంలోని ప్రభుత్వం ఆ పనిని పూర్తిచేసినది. వేలాది కుక్కలను బోనులలో పట్టి, మర్మరా సముద్రంలోని హైర్‌సిజ్ అదా అనబడే రాతిదీవిపై విడిచిరి. ఆ పేరుకు అర్థమే మేలులేని దీవి. అచ్చట త్రాగునీరు లేదు, ఆహారం లేదు. వాటి సంఖ్య ముప్పైవేలని కొందరు, ఎనభైవేలని కొందరు చెప్పిరి. దాదాపు అన్నియు ఆకలిదప్పులతో మరణించినవి. చెప్పుతో నీరు తోడి కుక్కకు త్రాగించిన మనిషి కథను పిల్లలకు నేర్పే నగరం, వేలాది కుక్కలను ఉప్పునీటి మధ్య దప్పికకు విడిచినది. తరువాత వచ్చిన యుద్ధాలను, పరాజయాలను ఆ పాపానికి ఫలంగా సామాన్య జనులు చెప్పుకొనిరి. కార్యకారణ సంబంధం లేకపోవచ్చును గాని, తాము చేసినది తప్పని నగరపు మనస్సాక్షికి తెలుసుననుటకు ఆ నమ్మకం సాక్ష్యం.

బొంబాయి అంగళ్ళు మూతపడిన దినము

కుక్క కొరకు దుకాణాలు మూతపడిన సంఘటన భారతదేశ చరిత్రలోనే ఉన్నది. బొంబాయిలో కంపెనీ ప్రభుత్వం ఏటా కొంతకాలం వీధికుక్కలను చంపుటకు అనుమతిచ్చి, చంపినవారికి రొక్కం ఇచ్చెడిది. 1832లో ఆ గడువును పొడిగించగా, రొక్కంపై ఆశతో ఇండ్లలోని కుక్కలను సైతం పట్టుకొనిపోవుచున్నారన్న ఆగ్రహం చెలరేగినది. శునకాన్ని పవిత్రంగా భావించే పార్సీలు జూన్ 6న ఎదురుతిరిగిరి. మరునాడు బజారు మూతపడినది. హిందువులు, జైనులు, కొందరు ముస్లిములు కూడా తమ అంగళ్ళు మూసిరి. సైన్యానికి సరకులు అందుట కష్టమైనది. నాయకులను నిర్బంధించినను, చివరకు కుక్కలను చంపుటకు బదులు తరలించే మార్గం వైపు ప్రభుత్వం మొగ్గినది. 1834లో జంషెడ్‌జీ జీజీభాయ్ తదితరుల దాతృత్వంతో బొంబాయి పింజ్రాపోల్ నెలకొన్నది.

కుక్కను పవిత్రమనేవారు, లాలాజలం అశుచి యనేవారు ఒకే దినం ఒకే కారణంగా అంగళ్ళు మూసిరి. శుచిని గూర్చి వారి నమ్మకాలు కలియవు. ప్రాణిని అకారణంగా చంపరాదన్నచోట కలిసినవి.

నేటి ప్రశ్న

ఇరవయ్యవ శతాబ్దపు చివర నుండి ప్రశ్న రూపం మారినది. వీధికుక్క స్థానంలో యజమాని చేతిలోని చిన్న కుక్క వచ్చినది. 2008లో రియాద్‌లో మతవిషయక పోలీసు శాఖ కుక్కల, పిల్లుల అమ్మకాన్ని, బహిరంగ ప్రదేశాలలో వాటిని త్రిప్పుటను నిషేధించినది. పన్నెండేండ్లకు, 2020లో, అదే దేశంలోని ఖోబర్ పట్టణంలో యజమానులు కుక్కలతో సహా కూర్చొని కాఫీ త్రాగే దుకాణం వెలసినది. 2019లో టెహరాన్ పోలీసులు బహిరంగ ప్రదేశాలలో కుక్కలను త్రిప్పరాదని ప్రకటించిరి. షాఫయీ ఆచారం ప్రబలంగా ఉన్న మలేసియాలో 2014లో, కుక్కను ముట్టుకొని, పిమ్మట శాస్త్రోక్తంగా మట్టితో, నీటితో శుద్ధి చేసుకొనుట నేర్పే బహిరంగ కార్యక్రమం తీవ్ర వివాదానికి దారితీసినది. తుర్కియేలో 2004 నాటి చట్టం వీధికుక్కలకు టీకా వేసి, సంతానం కలుగకుండా చేసి తిరిగి అచ్చటనే విడువవలెనని చెప్పగా, 2024లో దానిని సవరించి వాటిని పట్టి శరణాలయాలలో ఉంచవలెనని శాసించిరి. దానిపై వాదోపవాదాలలో 1910 నాటి దీవిని అనేకులు గుర్తుచేసిరి.

వీటన్నిటి నడుమ ఒక చిన్న ఉదంతం పేర్కొనదగినది. 2008లో ఇంగ్లండులోని లెస్టర్ నగరంలో, చూపులేని ఒక ముస్లిం యువకుడు తన మార్గదర్శక కుక్కతో మస్జిదుకు వచ్చుటకు, బ్రిటన్‌లోని ధర్మశాస్త్ర మండలి ఇచ్చిన ఫత్వా ననుసరించి అనుమతి లభించినది. కుక్క నమాజు స్థలంలోనికి రాదు. ప్రవేశద్వారం వద్ద దానికొక విశ్రాంతి స్థలం ఏర్పరచిరి. యువకుడు లోపల, కుక్క గడప వద్ద. గుహవాసుల వృత్తాంతంలోని స్థానమే అది. అవసరం, శుద్ధి, దయ మూడింటినీ ఆ ఏర్పాటు గౌరవించినది.

చరిత్ర నుండి తేలే అంశాలను క్లుప్తంగా ఇట్లు చెప్పవచ్చును. మొదటిది, కుక్క విషయంలో శాస్త్రం ఏకకంఠంగా లేదు. కావున ఒక మజ్‌హబ్ నిర్ణయాన్ని చూపి ఎదుటివానిని ధర్మభ్రష్టుడనుట న్యాయం కాదు. రెండవది, బజారు నిబంధనల దృష్టి కుక్కపై కాక సరకుపై ఉన్నది. కప్పని ఆహారం, మాంసం, పాలు ఉన్నచోట కుక్క రాకూడదనుటలో షైజరీకి, నేటి ఆరోగ్యాధికారికి భేదం లేదు. బట్టలు, పుస్తకాలు, ఇనుప సామాను అమ్మేచోట అంత కారణం లేదు. మూడవది, దుకాణం యజమాని ఆస్తి. అతని అనుమతి లేక కుక్కను లోనికి తెచ్చుట ఏ శాస్త్రంలోను హక్కు కాదు. చూపులేనివాని కుక్క వంటి అవసరం వేరు. అచ్చట నిరాకరించుట ఆ మనిషినే నిరాకరించుట.

నాల్గవది అన్నిటికంటె ముఖ్యమైనది. వీధికుక్కకు యజమాని లేడు. కావున దాని భారం అందరూ పంచుకొనిరి. చేతిలోని కుక్కకు యజమాని ఉన్నాడు. అది కరచినను, నాకినను, సరకు పాడుచేసినను బాధ్యత అతనిది. ప్రక్కన నిలిచిన కొనుగోలుదారుడు షాఫయీ కావచ్చును, కుక్కలంటే భయపడే బాలుడు కావచ్చును, వాని ఇబ్బంది కనబడకపోవచ్చును. తన ప్రాణిపై ప్రేమ ఎంత నిజమో, ఎదుటివాని నమాజు, ఎదుటివాని భయం అంతే నిజం. దాసుల హక్కులు దాసులే క్షమించవలెను గాని మరొకరు క్షమింపజాలరని శాస్త్రం నొక్కి చెప్పినది ఇటువంటి చోట్లకొరకే.

అదేవిధంగా, అశుచి అన్న మాటను సాకుగా చేసికొని రాయి విసరినవానికి, వేడినీరు పోసినవానికి ధర్మశాస్త్రంలో ఏ మజ్‌హబ్ కూడా ఆశ్రయమివ్వదు. దుకాణంలోనికి కుక్కను రానీయని వ్యాపారి తప్పు చేసినవాడు కాడు. రానీయకనే, వేసవి మధ్యాహ్నం గడప ప్రక్క ఒక మట్టిమూకుడులో నీరు పోసియుంచిన వ్యాపారి షైజరీ నిబంధనను, బావిలో దిగిన మనిషి కథను రెంటినీ పాటించినవాడగును.